థేయర్‌ని పిలిస్తే టిల్లీ దూకాడు

1943 ఏప్రిల్. కాలిఫోర్నియా తీరంలో ఒక కోస్ట్ గార్డ్ శిక్షణ స్థావరం. ఉదయం ఎనిమిదిన్నర. చీఫ్ టాలెఫ్సన్ గదిలో, ఆయన ఎదురుగా, నిలువునా తడిసిన ఆర్లో టిల్లీ.

"ఆగాగు, ఆ కుర్చీలో కూర్చోకు! గవర్నమెంటు కుర్చీ. పాడైపోద్ది."

"నిలబడే ఉంటానండీ, చీఫ్."

"నిలబడితే అటు జరుగు. నా కాగితాల మీద కారుతున్నావు. ఇంకొంచెం. ఆఁ, అక్కడ. ఇప్పుడు చెప్పు. నీ పేరేంటి?"

"టిల్లీ అండీ. ఆర్లో టిల్లీ."

"ఖాయమేనా?"

"పుట్టినప్పట్నుంచీ అదేనండీ."

"మరి ఇందాక జెట్టీ మీద నేనేమని అరిచాను?"

"'థేయర్! దూకు!' అని అరిచారండీ."

"ఎవరు దూకారు?"

"నేనండీ."

"ఎందుకూ?"

"మీరు దూకమన్నారు కదండీ."

"థేయర్‌ని!"

"అవునండీ. థేయర్‌ని దూకమంటేనే కదండీ నేను దూకేది."

"మళ్లీ చెప్పు. నెమ్మదిగా చెప్పు. నాకు యాభై దగ్గర పడుతున్నాయి."

"మా పనే అదండీ. సినిమాలో డెస్మండ్ థేయర్ మేడ మీంచి పడాలంటే నేను పడతాను. డెస్మండ్ థేయర్ అద్దాల కిటికీ బద్దలుకొట్టుకుని రావాలంటే నేనొస్తాను. పదకొండేళ్లండీ. ఆయన పేరూ 'దూకు' అన్న మాటా పక్కపక్కన వినపడ్డాయంటే నా కాళ్లు నన్నడగవు."

"బూట్లతో దూకావు."

"విప్పుకునే టైము ఎప్పుడూ ఇవ్వరండీ."

"నోట్లో డోనట్టు కూడా ఉంది."

"అది దక్కలేదండీ."

"మొదటివారం నేను తుపాకీ పేల్చి చూపిస్తుంటే పడవల షెడ్డు మీంచి పడ్డావు. గుండె పట్టుకుని మరీ పడ్డావు. నేను కాల్చింది ఆకాశంలోకి!"

"చప్పుడొచ్చింది కదండీ. చప్పుడొస్తే పడేది నేనే. బాగా పడ్డానాండీ?"

"బాగానే... ఏయ్, అది కాదు నేనడిగేది! గోడెక్కే పరీక్షలో ఏమైంది? థేయర్ గోడ దాకా పరిగెత్తుకొచ్చి ఆగిపోయాడు. నువ్వు గోడెక్కి అవతలికి దూకావు. అతనేమో తీరిగ్గా గోడ చుట్టూ నడిచెళ్లి, అవతల నిలబడి భుజాల మీద దుమ్ము దులుపుకున్నాడు!"

"దుమ్ము లేదండీ పాపం. ఉన్నట్టు చేశాడు."

"ఇవాళ సంగతి చెప్పనా? ముప్పై ఏళ్లుగా సముద్రం మీద బతుకుతున్నాను, ఇలాంటిది చూళ్లేదు. నువ్వు నీళ్లలో పడగానే ఆ మహానుభావుడు చక్కగా జుట్టు దువ్వుకున్నాడు. నువ్వు ఒడ్డెక్కుతుంటే, జెట్టీ కడిగే బకెట్టు తీసి నెత్తిన గుమ్మరించుకున్నాడు. గుమ్మరించుకుని, నా ముందుకొచ్చి నిలబడి, ఒగర్చడం మొదలెట్టాడు!"

"ఆయన పని అదేనండీ. నీళ్లలో ఉన్నంతసేపూ నేను. పైకొచ్చి మొహం చూపించాల్సొస్తే ఆయన. బకెట్టు పొయ్యడానికి మామూలుగా మనిషుంటాడు. ఇక్కడ ఎవరూ లేరని తనే పోసుకున్నాడు."

"'అందరూ క్షేమం సార్' అన్నాడు నాతో! ఎవరందరూ? ఎవరు మునిగారు?"

"అది లైట్‌హౌస్ సినిమాలో మాటండీ. మీరు చూశారా?"

"నేను సినిమాలు చూడను."

"తుఫానులో ఆయన లైట్‌హౌస్ మీంచి దూకి, పడవలో పిల్లని..."

"అంత అలలో పడవని ఎవడైనా అడ్డంగా తిప్పుతాడా? బోర్లా పడిపోద్ది! మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అలాగే తిప్పాడు!"

"మూడుసార్లాండీ?"

"మా ఆవిడ తీసుకెళ్లింది."

"అర్థమైందండీ."

"మా ఆవిడకి ఆ లైట్‌హౌస్ మీంచి దూకడం అంటే ప్రాణం. ఊపిరి బిగబట్టి నా చెయ్యి పట్టుకుంటది. ఆ దూకింది..."

"నేనేనండీ."

"మా ఆవిడకి చెప్పకు."

"చెప్పనండీ."

"సరే. ఇంకోటుంది. ఇదిగో, మూడు వారాల కిందటి ఈత పరీక్ష చీటీ. వంద గజాలు. థేయర్, రెండు నిమిషాల పది సెకన్లు. మంచి టైము. టిల్లీ, మూడు నిమిషాల ఐదు. అంతంత మాత్రం."

"మరి రెండోసారికి అలిసిపోనాండీ?"

"ఏమన్నావు?"

"ఏం లేదండీ."

"రెండోసారికి అన్నావు."

"గొంతులో నీళ్లున్నాయండీ, మాట సరిగా రావట్లేదు."

"టిల్లీ!"

"పేర్లు వరసలో పిలిచారండీ. ముందు ఆయనది, తర్వాత నాది. వెనకనించి చూస్తే ఇద్దరం ఒకేలా ఉంటాం. అందుకే స్టూడియోవాళ్లు నన్ను పెట్టుకున్నది."

"నిన్ను ఈదమని అతనడిగాడా?"

"ఒక్క ముక్క అడగలేదండీ. పేరు వినపడింది, నేను నీళ్లలో ఉన్నాను. ఏదో అనబోయి నోరు తెరిచాడు గానీ అప్పటికే నా చెవుల్లో నీళ్లు."

"ఇప్పుడు శ్రద్ధగా విను. శుక్రవారం ఇక్కణ్ణుంచి పద్నాలుగు మంది పసిఫిక్‌కి పోతున్నారు. ఓడ మీంచి దింపే చిన్న పడవలు నడపాలి. సైనికుల్ని ఎక్కించుకుని, ఎదురుగా తుపాకులు పేలుతుంటే ఒడ్డుకి తీసుకెళ్లి దింపాలి. పట్టీలో నీ పేరుంది. అతని పేరుంది. ఈత రానివాణ్ణి నేను ఆ పడవెక్కించను. ఇంతవరకూ ఎక్కించలేదు."

"ఎక్కించకపోతే ఆయన్నేం చేస్తారండీ?"

"రెండు నెలలుగా పై ఆఫీసు నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు. ఒక నాటక బృందం కట్టారంట. ఊరూరా తిరిగి ఆడి పాడి కుర్రాళ్లని చేర్పిస్తారంట. థేయర్‌ని ఇవ్వు, థేయర్‌ని ఇవ్వు అని నా ప్రాణం తీస్తున్నారు. ఈత రాదని తేలితే ఇవాళే పంపించేస్తాను. నువ్వు పడవకి, అతను పాటకి."

"ఆ బృందంవాళ్లు ఎక్కడుంటారండీ?"

"హోటళ్లలో."

"తుపాకులూ గట్రా..."

"చెక్కవి."

"రాదండీ."

"ఏంటి రాదు?"

"ఆయనకి ఈత. అస్సలు రాదండీ. తొట్టిలో స్నానం చేస్తుంటే నేను తలుపు బయట కాపలా ఉంటాను. చినుకు పడితే మంచం కింద దూరతాడు. రాసుకోండి చీఫ్, 'రాదు' అని పెద్దక్షరాలతో రాసుకోండి. నేనెక్కడ సంతకం పెట్టాలి?"

"ఇప్పటిదాకా అతని కోసం అబద్ధాలాడావు. ఒక్కసారిగా ఇంత నిజాయితీ ఏంటి?"

"హోటలన్నారు కదండీ."

"సంతకం నీది కాదు, అతనిది కావాలి. బకెట్టు దించి లోపలికి రమ్మను."

డెస్మండ్ థేయర్ లోపలికి వచ్చాడు. టిల్లీ గోడ పక్కకు తప్పుకున్నాడు.

"గుడ్ మార్నింగ్ చీఫ్. ఇందాక బాగానే వచ్చిందా? కావాలంటే ఇంకోసారి చేద్దాం."

"ఏది ఇంకోసారి?"

"అదే, ఒడ్డెక్కడం. ఎండ కళ్లలో పడి మొహం కొంచెం చిట్లించాను."

"థేయర్, నీకు ఈతొచ్చా?"

"ఈత అంటే... మీ ఉద్దేశంలో..."

"నీళ్లలో పడితే చావకపోవడం."

"అంత సూటిగా అడిగితే..."

"రాదండీ!"

"ఒరే ఆర్లో, నన్నడిగారు."

"నిన్నడిగితే నువ్వు చెప్పవు గురూ, అందుకే నేను చెప్తున్నా. రాదండీ చీఫ్."

"నువ్వు గోడవైపు తిరుగు టిల్లీ. థేయర్, ఈ పదకొండేళ్లలో ఒక్కసారైనా నీళ్లలోకి దిగావా?"

"ఒప్పందంలో లేదు చీఫ్. మొహం తడవచ్చు. మెడ దాకా తడవచ్చు. మెడ కింద తడిసేదంతా ఆర్లోది."

"రేపు బాంబు పడినా అలాగే పంచుకుంటారా? మెడ పైన నీకు, మెడ కింద వాడికి?"

"బాంబు సంగతి కూడా ఒప్పందంలో లేదు చీఫ్."

"అసలు ఈత రానివాడివి కోస్ట్ గార్డ్‌లో ఎందుకు చేరావయ్యా? సైన్యం లేదా? నేల లేదా?"

"ఆర్లో చేరాడని చేరాను."

"నువ్వు చేరావని చేరానని వాడు నాకు చెప్పాడు!"

"ఇద్దరం ఒకే వరసలో నిలబడ్డాం చీఫ్. ముందెవరున్నారో ఇప్పుడు గుర్తులేదు."

"నువ్వే ముందున్నావు గురూ. నేను టోపీ తెచ్చుకోడానికి పక్కకెళ్లాను."

"టోపీ నాది. నువ్వు పెట్టుకున్నావు."

"ఇద్దరూ నోరు ముయ్యండి! థేయర్, పాటల బృందానికి పంపిస్తానంటే నీకేమైనా అభ్యంతరమా?"

"చీఫ్... దేశం చెయ్యి చాచి పిలిచినప్పుడు, మనిషన్నవాడు తన గుండెలోని భయాన్ని తీసి పక్కన పెట్టి..."

"ఇది ఏ సినిమాలోది?"

"నాలుగోది."

"సొంతమాట చెప్పు. లేకపోతే మానెయ్."

"సొంతమాటా?"

"ఉంటే."

"ఆర్లోని ఒక్కణ్ణే పంపకండి. నాకు వేరే ఏమీ అక్కర్లేదు. వాణ్ణి ఒక్కణ్ణే పంపకండి."

"ఇదిగో కాగితం. 'నాకు ఈత రాదు' అని ఒక ముక్క రాసి కింద సంతకం పెట్టు. పెడితే మధ్యాహ్నం బస్సుకి నువ్వు పాటల వాళ్ల దగ్గరికి. పెట్టకపోతే పది గంటలకి జెట్టీ చివరికి రా. అక్కడ్నుంచి ఆ నీళ్లలో తేలే ఎర్ర బోయా దాకా, మళ్లీ వెనక్కి. వంద గజాలు. ఒంటరిగా. నేను కిందకెళ్లి కాఫీ తాగొస్తాను. టిల్లీ, నా కుర్చీలో కూర్చోకు."

చీఫ్ వెళ్లిపోయాడు. గదిలో థేయర్, టిల్లీ మిగిలారు.

"పెట్టెయ్ గురూ."

"ఈ కలం సిరా కక్కుతోంది."

"కక్కితే వేలిముద్రైనా వేసెయ్. హోటలు గురూ! తెల్ల దుప్పట్లు. పొద్దున్నే గుడ్లు. నిజం గుడ్లు, ఇక్కడి డబ్బా పొడి కాదు. సాయంత్రం స్టేజీ ఎక్కి నాలుగు పాటలు పాడి..."

"నాకు పాట రాదురా. సినిమాలో నా పాటలు కూడా ఇంకొకడు పాడాడు."

"ఆయన్నీ పిలిపించుకుందాం."

"గెంతడం ఎవరు గెంతుతారు?"

"అదొకటుంది. పోనీ కాలు విరిగిందని చెప్పు. కాలు విరిగినట్టు చెయ్యడం నీకు బాగా వచ్చు. నిజంగా నా కాలు విరిగినప్పుడు నీ కుంటుడే అందరికీ నచ్చింది."

"ఆర్లో, శుక్రవారం నువ్వెళ్తావు."

"వెళ్తాను. అదేముంది?"

"ఒక్కడివే."

"నాతో ఇంకో పన్నెండు మంది ఉంటారు కదా."

"వాళ్లెవరో నీకు తెలుసా?"

"ఒకడు గురక పెడతాడని తెలుసు."

"నవ్వించకు. నీకు భయమేసినప్పుడల్లా నన్ను నవ్వించాలని చూస్తావు. ఆ పడవలో అందరూ తల వంచుకుని కూర్చుంటారట. నడిపేవాడు మాత్రం నిలబడాలట. దారి కనపడాలి కాబట్టి నిలబడే తీరాలట."

"మేడల మీద నిలబడలేదా నేను?"

"కింద పరుపులు వేశారు."

"అన్నిసార్లూ వెయ్యలేదు గురూ."

"ఎప్పుడు వెయ్యలేదు?"

"వదిలెయ్ ఇప్పుడు. సరే, భయంగానే ఉంది. విన్నావుగా? భయంగా ఉంది. అక్కడ 'కట్' అనేవాడు ఉండడు. పడితే దుమ్ము దులిపి ఇంకోసారి తీయరు. అందుకే నువ్వు రావద్దంటున్నా. నేను తడిసి పైకొచ్చేసరికి నువ్వు ఒడ్డున పొడిగా కనపడితే, హమ్మయ్య, పనైపోయింది అనిపిస్తుంది నాకు. ఇద్దరం తడిస్తే ఇంక నేనెందుకు చెప్పు?"

"నీకొక సంగతి చెప్పాలి."

"సంతకం పెట్టి చెప్పు."

"పదకొండేళ్లుగా చెప్పాలనుకుంటున్నా."

"నా గోధుమరంగు బూట్లు పోయింది నీ దగ్గరేనని నాకు తెలుసు."

"అది కాదు."

"నా పెళ్లిలో కేకు మీద కూర్చున్నది నువ్వేనని కూడా తెలుసు."

"అది కాదురా! అది కూడా నేనే, కానీ అది కాదు. ఈత గురించి."

"ఈత గురించి నీకేం తెలుసు గురూ? నన్ను చెప్పనీ. నీకు మొహం ఉంది, పేరుంది, ఇంత పొడుగు కారుంది. నీ సంతకం కోసం ఆడవాళ్లు బస్సు దిగిపోతారు. నన్ను చూసి ఎవరూ తల కూడా తిప్పరు. కానీ నీళ్లన్న మాట వచ్చిందా, అందరూ నావైపు తిరుగుతారు. నువ్వు కూడా పక్కకి తప్పుకుని నన్నే చూస్తావు. ఆ ఒక్కటీ నాది. నీకు లేనిది, నాకున్నది. ఇన్నేళ్లూ దాంతోనే తలెత్తుకు తిరిగాను."

"అలాగా?"

"అలాగే మరి. ఏదో చెప్తానన్నావు?"

"ఏం లేదు."

"అయితే పెట్టు సంతకం. ఇదిగో, ఇక్కడ. గురూ, అలా మడుస్తావేంటి? రెండు రెక్కలేంటి దానికి? గురూ, అది గవర్నమెంటు కాగితం! కిటికీలోంచి... గురూ!"

"బాగా ఎగిరింది. పద, పది కావస్తోంది."

జెట్టీ చివర. పది గంటలు. ముగ్గురూ ఉన్నారు.

"కాగితమేదీ థేయర్?"

"గాలికి ఎగిరిపోయింది చీఫ్."

"తెలుసు. వచ్చి నా కాఫీలో పడింది. అయితే సంతకం పెట్టవన్నమాట. టిల్లీ, ఇలా రా. చేతులెత్తు."

"తాడెందుకండీ నా నడుముకి?"

"ఎందుకో నీ కాళ్లకి తెలుసు."

"ఇది హత్యండీ! ఆయన మునిగిపోతాడు. రేపు పేపర్లో మీ ఫోటో వేస్తారు. ఇంట్లో మీ ఆవిడ అన్నం పెట్టదు."

"మా ఆవిడ సంగతి ఎత్తకు. నా చేతిలో రబ్బరు చక్రం ఉంది, ఆ పక్కన పడవా సిద్ధంగా ఉంది. మునిగితే తీస్తాను."

"గురూ, నా మాట విను. కాళ్లు కప్పలా ఆడించు. చేతులు ఇలా, ఇలా. నోరు మూసుకో. నీకది కష్టమే, అయినా మూసుకో."

"నా చొక్కా పట్టుకో ఆర్లో."

"నా చొక్కా నువ్వు కదా పట్టుకోవాలి! అంతా తారుమారైపోయింది చీఫ్, ఆపండి!"

"థేయర్! దూకు!"

"అమ్మా!"

"నిన్ను కాదయ్యా టిల్లీ! నడుం విరుగుద్ది!"

"దూకాడు! చీఫ్, దూకేశాడు! ఆయనే దూకాడు!"

"చూస్తూనే ఉన్నా."

"పైకి రావట్లేదు."

"ఊఁ."

"ఊఁ ఏంటండీ ఊఁ! రావట్లేదు! ఎంతసేపైంది?"

"పన్నెండు సెకన్లు."

"విప్పండి! ఏం ముడండీ ఇది, రాక్షసి ముడి! గురూ! గురూ! తప్పు నాదేనండీ. మొదట్లోనే నేర్పాల్సింది. నేర్పితే నా పని పోతుందని నేర్పలేదు. ఒట్టండీ, ఆ ఒక్కందుకే నేర్పలేదు. ఎన్నిసార్లు అనుకున్నానో. మీ కాళ్లు పట్టుకుంటా, విప్పండి చీఫ్!"

"టిల్లీ, అటు చూడు."

"ఎటు?"

"బోయా వైపు. సగం దూరంలో."

"అది సముద్రసింహం అండీ! ఆయన మునిగింది ఇటు, ఇటు!"

"సముద్రసింహం జుట్టుకి అంత నూనె రాయదు."

"ఆఁ?"

"అదిగో, బోయా తాకాడు. తిరిగాడు. ఆ చెయ్యి చూడు, చప్పుడు లేకుండా నీళ్లని ఎలా కోస్తోందో. నువ్వు ఈదుతుంటే నీళ్లతో తగువాడుతున్నట్టు ఉంటది. ఇది నిన్నా మొన్నా పట్టుబడిన ఈత కాదు. నది పక్కన పెరిగినవాడిది."

"ఆయన నది పక్కన పెరగలేదండీ. పెద్ద హోటల్లో పెరిగాడు. పత్రికలో వేశారు."

"ఒక నిమిషం నలభై సెకన్లు. ఈ స్థావరంలో ఇంతవరకూ ఎవడూ రాలేదు ఆ టైముకి."

"చెయ్యి... అందించండి... చీఫ్."

"ముందిది చెప్పు థేయర్. ఈ ఒగర్పు సినిమాదా, సొంతదా?"

"సొంతదే. నీళ్లు ఇంత చల్లగా ఉంటాయని... నువ్వెప్పుడూ చెప్పలేదేంట్రా ఆర్లో?"

"శుక్రవారం పట్టీలో నీ పేరు ఉంటది. టిల్లీ పేరు పక్కనే. ఒకే ఓడ, ఒకే పడవ. పాటలవాళ్లకి నేనేదో రాసుకుంటాలే."

"థాంక్స్ చీఫ్. విన్నావా ఆర్లో? ఒకే పడవ."

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"ముందు ఆ తాడు విప్పనీ."

"విప్పనివ్వకండి చీఫ్! విప్పారో, వీణ్ణి మళ్లీ నీళ్లలోకి తోసేస్తాను. ఎప్పుడు నేర్చుకున్నావు?"

"ఆరేళ్లప్పుడు. మా నాన్న మిస్సోరీ నది మీద బల్లకట్టు నడిపేవాడు."

"మరి హోటలు?"

"హోటలు స్టూడియోవాళ్లు కట్టిన కథ."

"ఆరేళ్లప్పుడు! అంటే, జనవరిలో ఆ కొండ మీద సరస్సులో నన్ను నాలుగుసార్లు దూకించినప్పుడు..."

"వచ్చు."

"ఒడ్డున దుప్పటి కప్పుకుని, వేడి సూప్ తాగుతూ, 'ఎలా చేస్తావురా ఇదంతా' అన్నావు!"

"నిజంగానే అడిగాను. అంత చలిలో నేను దూకలేను."

"మొసళ్ల చెరువులో దూకినప్పుడు?"

"అవి రబ్బరు మొసళ్లురా."

"ఒకటి రబ్బరుది కాదు!"

"ఏంటీ?"

"వదిలెయ్! పదకొండేళ్లు నన్ను వెర్రివెధవని చేశావు. నాకున్నదల్లా ఆ ఒక్కటేనని ఇందాకే గదిలో నీకు చెప్పుకున్నాను. సిగ్గు లేకుండా చెప్పుకున్నాను. అది కూడా నీదేనన్నమాట."

"అందుకేరా చెప్పలేకపోయింది. నోటి దాకా వచ్చింది. నువ్వలా అన్నాక ఎలా చెప్పను?"

"ఇప్పుడెందుకు బయటపెట్టావు మరి?"

"దాచుకుంటే నువ్వొక్కడివే వెళ్లిపోతావు."

"మొదట్లో ఎందుకు ఆడావు? అసలెందుకు అబద్ధమాడావు గురూ?"

"చెప్పవయ్యా థేయర్. నేనూ వింటాను."

"ముప్పై రెండులో, నా మొదటి సినిమా. నది ఒడ్డున తీస్తున్నారు. నేను బూట్లు విప్పేసి దూకడానికి సిద్ధంగా ఉన్నాను. అప్పుడే భోజనాలయ్యాయి, పళ్లేలు ఎత్తేస్తున్నారు. గుంపులో నిలబెట్టడానికి తెచ్చినవాళ్లలో ఒకడు, ఎవరూ చూడట్లేదనుకుని, పళ్లేల్లో మిగిలిన రొట్టె అంచులు ఏరి జేబులో వేసుకుంటున్నాడు. ఒక అంచు కింద పడితే తీసి, ఊది, అదీ వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడు డైరెక్టరు 'థేయర్, నీకు ఈతొచ్చుగా?' అన్నాడు. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. 'రాదండీ, అదిగో అతనికి వచ్చేమో అడగండి' అన్నాను. ఒక్కరోజు కూలి దొరుకుతుంది కదా అని, అంతే. మర్నాడు మళ్లీ నిన్నే పిలిచారు. ఆ తర్వాత ఇంక చెప్పడానికి సందు దొరకలేదు."

"నువ్వు చూశావా గురూ? ఆ రొట్టె సంగతి?"

"చూశాను. కోపమొస్తే కొట్టరా."

"వచ్చి ఈతొచ్చా అని నన్నడిగారు. వచ్చన్నాను."

"నువ్వు దూకావు కూడా! ఎంత బాగా చేశావురా ఆ రోజు! కథలో హీరో మునిగిపోతుంటాడు. నువ్వు ఆ చేతులు కొట్టుకోవడం, ఆ నీళ్లు మింగడం, కళ్లు తేలెయ్యడం! నేనే నమ్మేసి సగం దాకా పరిగెత్తాను. అంతలో పడవవాళ్లు వెళ్లి నిన్ను లాగారు. ఒక్క టేకులో అయిపోయింది. డైరెక్టరు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. ఇంత సహజంగా మునిగేవాణ్ణి నా జన్మలో చూళ్లేదన్నాడు, గుర్తుందా?"

"గురూ."

"ఏంట్రా?"

"ఆ రోజుకి నాకు ఈత రాదు."